పరామర్శ: సమరయుని కథపై విమర్శ

లూకా సువార్త పదియవ అధ్యాయములోని సమరయుని కథ తెలుగు చదువరులకు క్రొత్తది కాదు. మిషను బడులలో చదివిన హిందువుల బిడ్డలకును అది కంఠస్థమే. యెరూషలేము నుండి యెరికోకు దిగిపోవు త్రోవలో దొంగలు ఒక బాటసారిని కొట్టి, బట్టలూడ్చి, కొనయూపిరితో విడిచిపోవుదురు. యాజకుడొకడు వానిని చూచి ప్రక్కగా పోవును. లేవీయుడును అట్లే పోవును. యూదులతో పొత్తులేని సమరయుడు మాత్రము నిలిచి, గాయములు కట్టి, తన వాహనముపై నెక్కించుకొని, పూటకూటింటికి చేర్చును. మఱునాడు ఆ యింటివానికి రెండు దేనారములిచ్చి, ఇంకను వ్యయమైనచో తాను తిరిగి వచ్చునప్పుడు తీర్చెదనని చెప్పి పోవును.

అందఱెఱిగిన కథకు విమర్శ యేల యని పాఠకులు అడుగవచ్చును. అందఱెఱిగిన కథలకే సావధానమైన పఠనము తక్కువ. ఈ కథను మనము సగముననే ముగించి, దయగలవాడు గొప్పవాడను నీతిని మూటగట్టుకొని లేచిపోవుచున్నాము. కథ బరువు దయయందు లేదు, దయ కలిగిన పిమ్మట జరిగిన పనులయందున్నదని మా యభిప్రాయము. దిక్కులేనివారిని నేడు మనము కాపాడు తీరునకు ఆ పనులు ఎంతవఱకు కొలతబద్ద కాగలవో, ఎచ్చట చాలవో విచారింతము. ఏ మతము పక్షమునను మేము వాదింపబోము. గ్రంథమును గ్రంథముగా చదువుటయే మా యుద్దేశము.

మొదట రచనను చూతము. యాజకునికిని లేవీయునికిని కథకుడు చెఱియొక వాక్యము మాత్రమే యిచ్చినాడు. చూచినారు, పోయినారు. వారి మనసులో నేమున్నదో చెప్పలేదు, వారిని దూషింపనులేదు. సమరయుడు రాగానే వాక్యము నెమ్మదించి క్రియలు వరుసగా వచ్చును: సమీపించుట, గాయములు కట్టుట, నూనెయు ద్రాక్షారసమును పోయుట, ఎక్కించుట, తోడుకొనిపోవుట, కనిపెట్టుకొని యుండుట, ధనమిచ్చుట, మాటయిచ్చుట. వాని హృదయములోని భావమునకు ఒక్క మాట. వాని చేతులు చేసిన పనికి ఇన్ని మాటలు. చూచుట మువ్వురికిని సమానమే. భేదమంతయు చూచిన తరువాతనే యున్నది.

ఆ యొక్క మాటను గూర్చియు ఒక ముచ్చట కలదు. జాలిపడుట కిచ్చట వాడిన గ్రీకు క్రియ ప్రేవులను తెలుపు పదము నుండి పుట్టినదని ఆ భాష నెఱిగినవారు చెప్పుదురు. మన తెలుగులో కడుపు తరుగుకొనిపోవుట యను పలుకుబడి అచ్చముగా నట్టిదే. తెలుగు చేసినవారు దానిని విడిచి, జాలి అను మెత్తని మాటను గ్రహించిరి. జాలి ఇంట కూర్చుండియు పడవచ్చును. కడుపు తరుగుకొనిపోయినవాడు కూర్చుండలేడు.

ఆ లోపమును వారే మఱియొక మాటతో పూరించిరి. పూటకూటింట సమరయుడు చేసిన పనికి వారు పరామర్శ యను పదమును వాడిరి. యాకోబు పత్రిక మొదటి అధ్యాయములో, దిక్కులేని పిల్లలను, విధవరాండ్రను వారి యిబ్బందిలో ఆదుకొనుటయే నిష్కళంకమైన భక్తియని చెప్పుచోటను ఆ పదమునే ఉంచిరి. మృశ్ ధాతువునకు తాకుట యని అర్థము. పరామర్శ యనగా చేతితో పట్టుకొనుట, పట్టుకొని విచారించుట. తర్కశాస్త్రమున పరామర్శ లేనిదే అనుమితి కలుగదు. ఊరక చూచిన పొగ నిప్పును తెలుపదు, పొగకును నిప్పునకును గల సంబంధమును మనసు పట్టుకొనవలెను. ఇంతటి పదము నేటి తెలుగున ఎట్లు చిక్కిపోయినదో చూడుడు. నేడు పరామర్శ యనగా చావు జరిగిన యింటికో, ఆసుపత్రికో పోయి, పది నిమిషములు నిలిచి, ఛాయాచిత్రము తీయించుకొని వచ్చుట. పత్రికలలో నాయకుల పరామర్శలు నిత్యము కనబడును. ఆ పత్రికకర్తయే రెండవ అధ్యాయమున, బట్టలులేనివానిని, కూడులేనివానిని చూచి, చలి కాచుకొనుడు, తృప్తిపొందుడు అని దీవించి పంపువానిని ఎత్తిపొడిచినాడు. మన పరామర్శలలో పెక్కులు ఆ దీవెన జాతివే.

ఇక పూటకూళ్లు. ఈ మాట అచ్చపు తెనుగు బజారు మాట. క్రీడాభిరామములో ఓరుగంటి పూటకూటింటి ప్రసక్తి కలదు. కన్యాశుల్కములోని పూటకూళ్లమ్మను ఎఱుగని తెలుగువాడు లేడు. రూకలు తీసికొని అన్నము పెట్టు ఇల్లది; ధర్మసత్రము కాదు. సమరయుడు గాయపడినవానిని ఏ పుణ్యాత్ముని యింటికిని చేర్చలేదు. కూలి పుచ్చుకొని పనిచేయువాని యింటికి చేర్చి, ఆ కూలి తానిచ్చెను. దాతృత్వమునకు వేతనము తీసికొను చేతులు కావలెనని కథకుడు సిగ్గుపడక చెప్పుచున్నాడు. దేనారము ఆ కాలమున ఒక దినపు కూలియని మత్తయి సువార్తలోని ద్రాక్షతోట కథవలన తెలియును. కావున ఇచ్చినది రెండు దినముల కూలి. పెద్ద మొత్తము కాదు. దానితో పాటు వచ్చిన లెక్కయే పెద్దది: నేను తిరిగి వత్తును, మిగిలినది అప్పుగా నుంచుము అనుట. ఉపకారి తననే ఋణస్థునిగా వ్రాసికొనుట మేము చదివిన దానకథలలో అరుదు. మన దానములు దక్షిణతో ముగియును. ఈ దానము దక్షిణతో మొదలైనది.

ఈ కథకు పూర్వులు చేసిన వ్యాఖ్యలలో రెండు దారులు కలవు. అగస్టీను మొదలగువారు దీనిని రూపకముగా విప్పిరి. సమరయుడు క్రీస్తు, పూటకూటిల్లు సంఘము, రెండు దేనారములు ప్రేమను గూర్చిన రెండాజ్ఞలు. మన సంస్కృత వ్యాఖ్యాతలకును ఈ విద్య తెలియనిది కాదు. విప్పుటలో చాతుర్యమున్నది గాని, విప్పిన పిమ్మట గాయపడినవానికి దేహము మిగులదు. రెండవది మన బడిపుస్తకముల దారి. కథ దయతోనే ముగియును, మఱునాడు ఉండదు. మొదటి దారి రెండు నాణెములను ఆకాశమునకెత్తెను, రెండవది వానిని పాఠమునుండియే తొలగించెను.

నేటి మన చట్టమునకును ఈ రెండవ దారియే పట్టినది. రహదారిపై గాయపడినవానికి తోడ్పడినవారిని పోలీసులు, న్యాయస్థానములు వేధింపకుండునట్లు సుప్రీము కోర్టు 2016 మార్చిలో మార్గసూత్రములకు బలమిచ్చెను. 2019లో మోటారు వాహనముల చట్టమును సవరించి అందు 134ఏ సెక్షను చేర్చిరి. ఆ సెక్షనునకు పెట్టిన పేరు గుడ్ సమారిటన్ అనునదే. అంతకు ముందే 2005 ఆగష్టు 15న ఆంధ్రదేశమున 108 వాహనములు మొదలయ్యెను. చంద్రగిరి దారిలో పడినవానిని రుయా ఆసుపత్రికి చేర్చు వాహనము నేడు ఉన్నది, చేర్చినవానికి రక్షణయు ఉన్నది. ఇది సంతోషింపదగిన సంగతి. అయినను చట్టము సమరయుని గాడిదవఱకు వచ్చి ఆగినది. ఆసుపత్రి గుమ్మము దాటిన తరువాత, కాలు పోయిన కూలివాని యింట మఱునాడు పొయ్యి ఎట్లు రగులునో దానికి సంబంధము లేదు.

ఆ పేరులోనే మఱియొక పొరపాటున్నది. కథలో సమరయుని మంచివాడని ఎచ్చటను అనలేదు. మంచి యను విశేషణము తరువాతివారు తగిలించినది. వినుచున్న యూదునకు సమరయుడను మాటయే ముల్లు. ఆ ముల్లు తెలుగు చదువరికి గ్రుచ్చుకొనదు, సమరయుడెవ్వడో వానికి తెలియదు గనుక. మన పల్లెలో ఈ కథ జరిగినదనుకొందము. పడియున్నవాడు గ్రామపెద్ద కొడుకు. చూచి తొలగినవారు పురోహితుడును కరణమును. నిలిచి తన కడవలోని నీరు నోట పోసినవాడు మాలవాడవాడు. అప్పుడు గాని కథ మనకు కథ కాదు. గుడిలోనికి రానీయబడని మనిషి కాశీనాథునికి గబ్బిలముచేత విన్నపము పంపుటను జాషువా 1941లో కావ్యము చేసెను. మనము మెట్టునొద్ద ఆపినవాడే మన దారిలో మనకు దిక్కగునేమో యను ప్రశ్న సమరయుని కథలో కలదు. ధర్మశాస్త్రి అడిగినది, నా పొరుగువాడెవ్వడు అని. యేసు దానిని త్రిప్పి, పొరుగువాడైనవాడెవ్వడు అని యడిగెను. సాయము పొందదగినవారి పట్టీ వ్రాయబూనినవానికి, సాయము చేయువానిగా నీవు మాఱుమని జవాబు వచ్చెను.

ఈ కథను చివరవఱకు చదివి పనిగా మార్చినచోటు మన సీమలోనే కలదు. 2022లో జిల్లాల విభజన జరుగువఱకు చిత్తూరు జిల్లాలోనుండిన మదనపల్లెకు సమీపమున, ఆరోగ్యవరమను పేర క్షయరోగులకొక ఆశ్రయము వెలసినది. డెన్మార్కు దేశపు వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమాట్ మొల్లరు దానికి మూలపురుషుడు. పలు మిషనులు కలసి నడపినందున యూనియన్ మిషన్ శానటోరియమని పేరు. 1912లో పని ఆరంభమై, 1915లో ఆశ్రయము తెఱవబడెను. స్ట్రెప్టోమైసిన్ 1940ల నడుమ వచ్చువఱకు క్షయకు నమ్మదగిన మందే లేదు. గాలి, విశ్రాంతి, ఆహారము, కాలము: ఇవే చికిత్స. రోగి వారములు కాదు, నెలలు, ఒక్కొక్కప్పుడు ఏండ్లు అచ్చట నుండవలసినదే. ఇంటివారే వేఱుగా కంచము పెట్టి దూరముంచిన రోగికి అన్నాళ్లు మంచము వేసి కనిపెట్టుకొనుట పది నిమిషముల పరామర్శ కాదు. 1948 ఆగష్టులో మన దేశమున బి.సి.జి. టీకాలు మొదట వేసిన తావులలో మదనపల్లె యొకటి యగుట కాకతాళీయము కాదు; దీర్ఘకాలము లెక్క వ్రాసికొనుచు రోగులను చూచినచోటనే అట్టి పరీక్షకు తావుండును.

1911లో జిల్లాగా ఏర్పడువఱకు చిత్తూరు ఉత్తర ఆర్కాటులోనిది. ఆ ప్రాంతపు వేలూరున ఐడా స్కడ్డరు 1900లో వైద్యము మొదలిడి, 1918లో స్త్రీలకొఱకు వైద్యపాఠశాల తెఱచెను. ఆమె తాను చూచిన రోగుల సంఖ్యకంటె, చూడనేర్పిన స్త్రీల సంఖ్య మాకు ముఖ్యముగా తోచును. ఒక్క సమరయునిచే దారి బాగుపడదు, పూటకూళ్లవారిని తయారుచేయవలెను. నేటికిని చిత్తూరు పల్లెల రోగులు వేలూరు బస్సు ఎక్కుచున్నారన్న ఆ విద్య ఫలమే.

అయితే ఆశ్రయమే తుదిమాట కాదు. 1956లో మద్రాసున స్థాపించిన క్షయచికిత్సా పరిశోధనకేంద్రమువారు బీద రోగులను రెండు తెగలుచేసి, ఒక తెగను శానటోరియమున, ఒక తెగను ఇంటనే ఉంచి ఒకే మందులిచ్చిరి. 1959లో ప్రకటితమైన ఫలితము లోకమును ఆశ్చర్యపఱచినది. ఇఱుకిండ్లలో, తక్కువ తిండితో నున్నవారును శానటోరియమువారితో దాదాపు సమానముగా కోలుకొనిరి. ఇంటివారికి అంటు ప్రమాదమును అందువలన హెచ్చలేదు. దీని రహస్యము మందు ఒక్కటియే కాదు. ఇంటింటికి పోయి, మాత్రలు మ్రింగినారా లేదా యని విచారించు ఉద్యోగినుల రాకపోకలు ఆ యేర్పాటులోని భాగము. పూటకూటిల్లు రోగి యింటిలోనికే వచ్చినది. తిరిగి వత్తునన్న మాట మాత్రము తప్పలేదు. దేశదేశములలో శానటోరియములు మూతపడుటకు ఈ పరీక్ష ముఖ్యకారణములలో నొకటి. ఆరోగ్యవరము తాను కాలమునకు తగినట్లు మాఱి సాధారణ వైద్యశాలయైనది. భవనము పోవచ్చును, పేరు మాఱవచ్చును. తిరిగివచ్చుట పోయిన నాడు చికిత్స పోయినదే.

ఇంతవఱకు కథను మెచ్చితిమి. ఇక దాని కొఱతలు. మొదటిది: గాయపడినవాడు ఆసాంతము ఒక్క మాటయు పలుకడు. వాని పేరు లేదు, ఊరు లేదు, కోరిక లేదు. కొనయూపిరితో నున్నవాడు పలుకలేడన్నచో ఒప్పుకొందుము. కాని ఈ కథను ఆదర్శముగా గొన్నవారందఱు దిక్కులేనివారిని అట్లే మూగలుగా భావించిరి. అనాథశాలలో బిడ్డను, వృద్ధాశ్రమములో ముదుసలిని, మతిచలించినవానిని మనము ఏమి కావలెనని అడుగము. మనకు తోచినది పెట్టుదుము. ఈ కొఱతకు మందు అదే సువార్త పదునెనిమిదవ అధ్యాయమున కలదు. యెరికో దారిప్రక్కనే కూర్చుండి అఱచిన గ్రుడ్డివానిని యేసు పిలిపించి, నీకేమి చేయవలెనని మొదట అడుగును. గ్రుడ్డివానికి చూపు కావలెనని ఎవ్వరెఱుగరు? అయినను అడిగెను. ఒకే దారిలోని ఈ రెండు కథలను జతగా చదువవలెనని మా మనవి.

రెండవది: దొంగలను గూర్చి కథ మౌనముగా నున్నది. అమెరికాలో మార్టిన్ లూథర్ కింగు 1967 ఏప్రిలులో న్యూయార్కున చేసిన యుపన్యాసమున ఈ లోపమునే ఎత్తిచూపెను. పడినవారిని లేవనెత్తుట ఆరంభము మాత్రమే, ఆ యెరికో దారియే మాఱవలెనని ఆయన భావము. ఈ ప్రశ్నకు బైబిలు పాతభాగమున కొంత సమాధానము కలదు. లేవీయకాండము పందొమ్మిదవ అధ్యాయము పొలము గట్టు అంచువఱకు కోయరాదనియు, పడిన వెన్నులను ఏఱరాదనియు, వానిని బీదలకును పరదేశులకును విడువవలెననియు విధించును. రూతు కథ అంతయు ఆ విధిపైననే నిలిచియున్నది. మన తెలుగున దీనికి చక్కని పేరు పరిగె. మా సీమలో చెనిక్కాయలు పెఱికిన చేలలో బీద స్త్రీలు పరిగె కాయలు ఏఱుకొనుట నేటికిని చూడవచ్చును. మన భారతమునను సక్తుప్రస్థుని కథలో ఉంఛవృత్తి కలదు. కాని అచ్చట పరిగె ఏఱుట బ్రాహ్మణుడు స్వయముగా గైకొన్న తపస్సు. హెబ్రీయుల శాస్త్రమున అది బీదవాని హక్కు, రైతు విధి. ఏఱుకొనుటలో గొప్పతనము చూచుట ఒకటి, ఏఱుకొనుటకు మిగుల్చుమని ఆజ్ఞాపించుట వేఱొకటి. సమరయుని దయకు ఈ చట్టమును జోడింపకున్న దయ దారిప్రక్కనే ఉండిపోవును.

ఇప్పుడు మన యింటికి వత్తము. తిరుపతివంటి యాత్రాస్థలములలో ముదుసలి తల్లిదండ్రులను విడిచిపోవు వార్తలు పత్రికలలో కనబడుచునే యున్నవి. తల్లిదండ్రులను పోషింపవలెనని 2007 నాటి చట్టము పిల్లలను నిర్బంధించును; విడిచిపెట్టినవారికి మూడు నెలల వఱకు శిక్షయు విధించును. కొండమీద 1985లో మొదలైన నిత్యాన్నదానము ఏ కులమును అడుగక అన్నము పెట్టుచున్నది. దానిని మేము గౌరవింతుము. అయినను అన్నము పూటకు సంబంధించినది. ముదుసలికి మఱునాడు కూడ కలదు. మందు వేళకు ఇచ్చునదెవ్వరు, రాత్రి దగ్గినప్పుడు నీరందించునదెవ్వరు, చచ్చినప్పుడు పేరు పిలుచునదెవ్వరు? క్రైస్తవసంస్థలకును ఒక మాట. స్వస్థుడైన పిమ్మట తన మతమున కలియుమని సమరయుడు అడుగలేదు. అడిగియుండిన రెండు దేనారములు దానము కాక బయానా యగును. పుణ్యమునకై పెట్టు హిందువునకును, ఆత్మలకై పెట్టు క్రైస్తవునకును ఈ కథ ఒకే అద్దము చూపుచున్నది.

క్షయరోగిని ఉదాహరణముగా గొందము. మందులు ప్రభుత్వము ఉచితముగా ఇచ్చును. 2018లో రోగి తిండికై నెలకు 500 రూపాయలు ఇయ్య మొదలిడి, 2024 నవంబరునుండి 1,000 చేసిరి. అది నేటి కూలి మూడు నాలుగు దినములకు సరి. సమరయుని రెండు దేనారములకు చుట్టమే. ఝార్ఖండున జరిగి 2023లో ప్రకటితమైన పరిశోధనలో, రోగి యింటివారికి మంచి తిండి పెట్టినచో వారికి క్షయ సోకుట నూటికి నలుబదివంతుల దాక తగ్గినదని తేలెను. 2022 సెప్టెంబరులో ఏర్పడిన ని-క్షయ్ మిత్ర పద్ధతిలో ఎవ్వరైనను ఒక రోగికి ఆఱు నెలలో అంతకు మించియో తిండిబుట్ట నిచ్చుటకు మాటయియ్యవచ్చును. చికిత్సయు సాధారణముగా ఆఱు నెలలే. మొదటి బుట్ట ఇచ్చునాడు ఛాయాచిత్రకారుడు తప్పక వచ్చును. ఆఱవ బుట్ట ఇచ్చునాడు దాత వచ్చునా యనునదే ప్రశ్న.

పెద్ద సంస్థలు మనచేతిలో లేవని గృహస్థులు అనవచ్చును. సమరయునకును సంస్థ లేదు. వానికున్నవి ఒక గాడిద, కొంత నూనె, రెండు నాణెములు, తప్పని మాట. మన వీధిలో మందు తినుచున్న రోగి యొకడు, ఒంటరి ముదుసలి యొకతె లేని ఊరు లేదు. వారిని చూడబోవుట మనకు వచ్చును. ఏమి కావలెనని అడుగుట, వచ్చెదనన్న దినమున మరల పోవుట, మిగిలిన లెక్క తీర్చుట నేర్వవలసియున్నది. పాఠకులు ఈ కథను మరల తెఱచినప్పుడు ముప్పదినాలుగవ వచనమున పుస్తకము మూయక, ముప్పదియైదవదానిని కూడ చదువవలెనని కోరుచున్నాము. మఱునాడు అను మాట దాని మొదటనే యున్నది.